చల్లని న్యూట్రాన్ల చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. కోల్డ్ న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్లపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు డేటా సైన్స్ కోర్సు చేసి స్థిరపడ్డాడు. రెండింటినీ పోల్చి చెప్పగలరా? - ఉక్కునగరం నుంచి ఒక తండ్రి

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు వినిపించింది మరో ప్రశ్న. ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఉండే యంత్రాన్ని నమ్ముకుంటే రేపు పిల్ల గతేమిటన్నదే మీ బెంగ. ఈ బెంగతో నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

అసలు ఆ యంత్రం, అంటే స్పెక్ట్రోమీటర్, ఏం చేస్తుందో మొదట చూద్దాం. రియాక్టరు వంటి చోట పుట్టిన న్యూట్రాన్లు సుమారు 20 కెల్విన్ (సున్నాకు దిగువన దాదాపు 253 డిగ్రీల సెల్సియస్) వద్ద ఉంచిన ద్రవ హైడ్రోజన్‌లో నెమ్మదించి, వాటి శక్తి దాదాపు 5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు, అంతకంటే దిగువకు వస్తుంది. వేగంగా తిరిగే చీలికల డిస్కులు, అంటే చాపర్లు, వాటిలో ఒకే వేగం ఉన్నవాటిని వదిలి మిగతావాటిని ఆపేస్తాయి. 4 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం ఉన్న న్యూట్రాన్ సెకనుకు 990 మీటర్ల చొప్పున వెళ్లి, 5 మీటర్ల దూరాన్ని 5 మిల్లీసెకన్లలో దాటుతుంది. పరీక్షించే పదార్థానికి కొంత శక్తి ఇచ్చివస్తే డిటెక్టరును ఆలస్యంగానూ, పుచ్చుకునివస్తే ముందుగానూ చేరుతుంది. ఆ తేడాను బట్టి లోపల పరమాణువులు ఎలా కదులుతున్నాయో లెక్క తేలుతుంది. హైడ్రోజన్ చేరిన ఉక్కు పెళుసుబారుతుందని మీకు తెలిసే ఉంటుంది. లోహాల్లో హైడ్రోజన్ ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా దూకుతుందో చూడడానికి ఈ పద్ధతి పనికొస్తుంది, ఎందుకంటే ఎక్స్-కిరణాలకు సరిగా ఆనని హైడ్రోజన్ న్యూట్రాన్లకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇలాంటి పరికరాన్ని రూపొందించేవారు శూన్య గదులు, అతిశీతల వ్యవస్థలు, డిటెక్టర్లు, మైక్రోసెకన్లు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దత్తాంశ విశ్లేషణ అన్నీ చేతులతో నేర్చుకోవాలి. రియాక్టర్ లేని చోట కూడా ఈ నైపుణ్యాలకు విలువ ఉంది కాబట్టి ఇది ఇరుకైన దారి అని నేను అనుకోను.

కష్టాలు లేవని మాత్రం చెప్పను. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ప్రయోగానికి కొన్ని రోజుల సమయం దొరకడానికి ప్రతిపాదన రాసి నెలల తరబడి ఎదురుచూడాలి. శాశ్వత ఉద్యోగాలు తక్కువ. మన దేశంలో ప్రధాన కేంద్రం ముంబైలోని ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ రియాక్టర్. విశ్వవిద్యాలయాల విద్యార్థులు యూజీసీ, అణుశక్తి శాఖ (డీఏఈ) కలిసి నడిపే యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా అక్కడ పనిచేయవచ్చు. బయట ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఒక న్యూట్రాన్ కేంద్రం, బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ సమీపాన ఐసిస్ అనే కేంద్రం ఉన్నాయి. ఈ రంగానికి 1994లో నోబెల్ అందుకున్న కెనడా శాస్త్రవేత్త బ్రాక్‌హౌస్ దగ్గర మన అణు శాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ 1950లలోనే పనిచేశారు కాబట్టి ఇది మనకు కొత్త విద్య కాదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఆమె చేయి చాపాల్సిన అవసరం రాదు.

డేటా సైన్స్ విషయంలో నా అనుమానాలు దాచను. ఆరు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్ పట్టుకుని నా గదికి తిరిగివచ్చిన పిల్లలను చూశాను. ఎవరో ఇచ్చిన పట్టికపై ప్రోగ్రాం నడపగలరు గానీ, ఆ అంకెలను ఎలా కొలిచారో, అందులో దోషం ఎంతో అడిగితే తడబడతారు. కొత్తవారికి మొదట అప్పగించే పనులనే ఇప్పుడు కృత్రిమ మేధ చేసేస్తోంది. గణితం లోతుగా నేర్పే రెండేళ్ల ఎం.టెక్ అయితే సంగతి వేరు. మీ బావమరిది కొడుకు ఏది చేశాడో మీరు రాయలేదు, అసలు కనుక్కున్నారా?

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అనక తప్పదు. మీ ఉత్తరంలో మేనల్లుడి సంగతి ఉంది గానీ, మీ అమ్మాయికి ఈ విషయం ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. బంధువుల ఇంట జరిగిందాన్ని కొలబద్దగా పెట్టుకుని కూతురి చదువును కొలవడం అన్యాయం.

మెక్‌స్టాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌లో చాపర్ స్పెక్ట్రోమీటర్ నమూనా నడిపి చూడవచ్చు. ఈ వేసవిలో మీ అమ్మాయిని అది చేయమనండి. రెండు వారాల్లో విసుగొస్తే ఆమెకే తెలుస్తుంది. విసుగు రాకపోతే, తను గీసిన పటాన్ని మీకు వివరించమని అడిగి, ఇద్దరూ కలిసి రండి. ఏ సంస్థలకు దరఖాస్తు చేయాలో అప్పుడు కూర్చుని రాసుకుందాం.