నగదా, బియ్యమా, పనా? సరిహద్దు ఊరి నుంచి నా జవాబు

అడిగిన ప్రశ్న: "మనలాంటి దేశాల్లో పేదరికం నిజంగా తగ్గాలంటే ప్రభుత్వం ఏం ఇవ్వాలి? చేతికి డబ్బా, రేషను బియ్యమా, ఉపాధి పనా? పుస్తకాల్లో ఉన్నది కాదు, దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి."

నా పుట్టిల్లు పాతపట్నం వైపు, అత్తారిల్లు పర్లాకిమిడి పక్కన పల్లె. అంటే పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, కాపురం ఒడిశా గజపతి జిల్లాలో. రెండింటికీ మధ్య ఆటోలో పోయొచ్చేంత దూరమే. మహిళా సంఘాలకు లెక్కలు రాస్తాను, ఎవరైనా అడిగితే అర్జీలు నింపిపెడతాను. మా దగ్గర అటువాళ్లదీ ఇటువాళ్లదీ ఒకటే భాష, ఒకటే తిండి. పిల్లనిచ్చి పుచ్చుకుంటాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి అందులో చేరింది. అప్పటి నుంచీ ప్రభుత్వాలు వేరు. ఒక తల్లి బిడ్డల్లోనే అక్కకి ఒక రాష్ట్రం పథకం, చెల్లికి ఇంకో రాష్ట్రం పథకం. మిగతావన్నీ ఒకేలా ఉండి పథకాలు మాత్రమే వేరుగా ఉన్న చోటు కాబట్టి, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడ కొంచెం స్పష్టంగా కనబడుతుందని నా నమ్మకం.

నేను చూసినంతలో, ఏం ఇచ్చారన్నదాని కంటే, అది ఫలానా రోజున తప్పకుండా వస్తుందా రాదా అన్నదే ఇంటిని నిలబెట్టింది, లేదా కూలదోసింది.

మా సరిహద్దులో ఒక కిరాణా కొట్టుంది. రెండు వైపులవాళ్లూ అక్కడే సరుకులు తీసుకుంటారు. ఒకసారి మా సంఘంలో ఒకామె బాకీ లెక్క తేల్చడానికి షావుకారు తన ఖాతా పుస్తకం నా ముందు పెట్టాడు. కొన్ని పేర్ల పక్కన చిన్నగా 1 అని, కొన్నింటి పక్కన 15 అని రాసి ఉంది. ఏమిటని అడిగితే చెప్పాడు: 1 అంటే ఆంధ్రా పింఛను, నెల మొదటి తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తారు. 15 అంటే ఒడిశా పింఛను, చాలా ఏళ్లుగా నెల 15న పంచాయతీ ఆఫీసు దగ్గర ఇచ్చేవారు. ఈ రెండింటిలో ఏదో ఒక అంకె ఉన్న పేర్లకు అరువు ఉంది, దాని మీద వడ్డీ లేదు. ఏ అంకే లేని ఇళ్లలో ఉపాధి జాబ్ కార్డులున్నాయి, ఏడాదిలో ఆ కార్డుల మీద వచ్చే డబ్బు ఒడిశా పింఛనుకు తక్కువేమీ కాదు. "వాళ్లకెందుకు ఇవ్వవు బావా?" అంటే, "ఆ డబ్బులు ఎప్పుడు పడతాయో నువ్వు చెప్పమ్మా, ఇప్పుడే బియ్యం తూస్తాను" అన్నాడు. వాళ్లంతా నూటికి అయిదు రూపాయల నెల వడ్డీకి బయట తెచ్చుకుంటున్నారు. పూచీకత్తుగా పెట్టడానికి పేదవాడి దగ్గర పొలం లేదు, బంగారం లేదు. ఒక తారీఖు ఉంటే అదే పూచీకత్తు అవుతుంది.

డబ్బు ఎంత అన్నది లెక్కలోకి రాదని కాదు. పాతపట్నంలో ఉన్న మా చిన్నత్తకు వితంతు పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలు. ఇటువైపు మా వీధిలో అదే వయసు వితంతువుకు చాలాకాలం 500 వచ్చేది, 2024 మొదట్లో అది 1,000 అయింది. ఎనభై దాటిన పేద వృద్ధులకూ తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకూ 2025లో 3,500 చేశారు, అది మంచి పని. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా మాత్రం 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు దాదాపు రెండు దశాబ్దాలుగా 200 రూపాయల దగ్గరే ఆగింది. నాలుగు వేలతో చిన్నత్త ఇంట్లో కోడలు ఆమెను "తిన్నావా అత్తా" అని అడిగే రోజులు వచ్చాయి. వెయ్యి రూపాయలకు అంత మర్యాద రాదు, మందులైతే వస్తాయి. ఇది నేను తేలిగ్గా రాస్తున్న మాట కాదు. ముసలితనంలో చేతిలో సొంత డబ్బు ఉన్న ఆడమనిషిని ఇంట్లో చూసే చూపే మారిపోతుంది.

ఇక పని సంగతి. ఉపాధి హామీ ఆలోచన మొదట మహారాష్ట్రది. 1972-73 కరువులో అక్కడ పనులు పెట్టారు, 1977లో చట్టం చేశారు. అదే పెద్దదై 2005లో దేశమంతటికీ చట్టమైంది: గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, 15 రోజుల్లో కూలి, ఆలస్యమైతే పరిహారం. రాసిన మాట చాలా గొప్పది. మా వైపు చెరువుల పూడిక తీసిందీ, కొండవాలు పల్లెలకు దారి వేసిందీ ఆ పనులతోనే, వాటి మేలు ఈరోజుకీ ఉంది. పనిలో సగానికి మించి ఆడవాళ్లే ఉండేవారు. మగవాళ్లతో సమానమైన కూలి వాళ్లు మొదట చూసిందీ అక్కడే. కానీ డబ్బు దగ్గరకొచ్చేసరికి 15 రోజులన్న మాట నిలబడలేదు. ఖాతాకు ఆధార్ కలవలేదనో, పేరులో అక్షరం తేడా ఉందనో ఆగిపోయేది. 2024 జనవరి నుంచి ఆధార్ చెల్లింపు తప్పనిసరి అయ్యాక ఈ బాధ ఇంకా పెరిగింది. మా ఊళ్లో ఒక తల్లీకూతుళ్లు ఒకే గట్టు మీద, ఒకే వారం మట్టి మోశారు. కూతురి కూలి పడింది, తల్లిది నెలల తరబడి పడలేదు. ఆ ఇంటి పెద్దకొడుకు ఆ ఏడాదే కేరళ వెళ్లిపోయాడు. కూలి రేటు చూసినా అంతే. 2025-26లో ఆంధ్రాలో రోజుకు 307 రూపాయలు, ఒడిశాలో 273. అదే పార, అదే ఎండ, గట్టు అవతలివాళ్లకు 34 రూపాయలు ఎక్కువ.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని తీసేసి కొత్తది తెచ్చింది. రోజులు 125కి పెంచారు. చాలా రాష్ట్రాలకు ఖర్చులో 40 శాతం వాటా పెట్టారు. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే ఖరారు చేస్తుంది, దాటితే రాష్ట్రమే భరించాలి. నాకు భయం వేసేది ఇక్కడే. అడిగినవాళ్లకు పని అన్నది పాత చట్టానికి ప్రాణం. ఇప్పుడు డబ్బు ఎంత ఉందో చూసి పని అన్నట్టయితే, కాగితం మీద ఎన్ని రోజులు రాసినా కొట్టులో ఆ పేర్ల పక్కన ఏ అంకే చేరదు.

బియ్యం గురించి చదువుకున్నవాళ్లు నన్ను తరచూ అడుగుతారు, ఆ విలువను డబ్బుగా ఇచ్చేస్తే పోదా అని. మా సంఘాల్లో ఈ మాట తెస్తే ఒక్క ఆడమనిషి కూడా ఒప్పుకోదు. 1983లో ఎన్.టి.రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు ఇటువైపువాళ్లు అటు చూసి ఆశపడ్డారని మా మావగారు చెప్పేవారు. ఒడిశాలో 2008లో రెండు రూపాయల బియ్యం, 2013లో రూపాయి బియ్యం వచ్చాయి. అదే ఏడాది ఆహార భద్రత చట్టం వచ్చింది, 2023 నుంచి ఆ బియ్యం పూర్తిగా ఉచితం. మనిషికి నెలకు 5 కిలోలు. బజారులో ధర ఎంత పెరిగినా 5 కిలోలు 5 కిలోలే. డబ్బుకు ఆ గుణం లేదు. పైగా డబ్బు మగవాడి జేబులోకి జారిపోవచ్చు, బియ్యం నేరుగా కుండలోకి పోతుంది.

దాంట్లో చేదు కూడా చూశాను. రేషను డిపో దగ్గర ఒక ముసలమ్మ, జీవితమంతా చింతపండులో గింజలు తీసిన మనిషి. మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు. చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. తలలో నూనె వేలికి రాసుకుని పెట్టింది. చూపుడు వేలు, నడిమి వేలు... వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు, ఆమె అందరికీ వినబడేలా "తప్పయిపోయింది బాబూ" అంటోంది. ఏ తప్పు? చివరికి ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. ఆధార్ కలవనందుకు బియ్యం ఆపకూడదనీ, రిజిస్టరులో రాసి ఇవ్వాలనీ కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ రిజిస్టరు అడగవచ్చని ఆ వరసలో ఎవరికీ తెలియదు. మీ ఊళ్లో ఎవరికైనా ఇలా అయితే దయచేసి పక్కన నిలబడి అడగండి.

"ఇలా ఇస్తూ పోతే సోమరులైపోరా?" అన్నది ప్రతి పెళ్లి భోజనంలోనూ వినేదే. ఇది ఊహతో తేల్చే సంగతి కాదు, లెక్కలున్నాయి. మెక్సికో 1997లో తల్లుల చేతికి డబ్బిచ్చే పథకం మొదలుపెట్టింది. పిల్లలు బడికి పోవాలి, ఆసుపత్రిలో చూపించుకోవాలి అని షరతు. కొన్ని ఊళ్లలో ముందు, కొన్నింటిలో ఆలస్యంగా పెట్టి తేడా కొలిచారు. బడిలో పిల్లలు పెరిగారు, పెద్దవాళ్లు పని మానలేదు. బ్రెజిల్ 2003లో అలాంటిదే పెద్ద ఎత్తున చేసింది. తర్వాత ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ, మరికొందరు ఆరు దేశాల్లో ఏడు నగదు పథకాల లెక్కలు కలిపి చూస్తే, సోమరితనం పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. మా ఊరి సంగతీ అంతే. చేతిలో నాలుగు డబ్బులున్న మనిషి పనికి పోవడం మానదు, తక్కువ కూలికి లొంగడం మానుతుంది. ఆ కోపమే కొందరిది.

తారీఖు బలం ఏమిటో సుభద్ర పథకంలో కళ్లారా చూశాను. 2024 సెప్టెంబరులో ఒడిశాలో మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య అర్హులైన ఆడవాళ్లకు ఏడాదికి 10,000, అయిదేళ్లపాటు. రాఖీ పౌర్ణమికి అయిదు వేలు, మార్చి 8కి అయిదు వేలు. రోజు తెలుసు కాబట్టి మా సంఘంలో ఆడవాళ్లు ముందే లెక్క వేసుకున్నారు. ఒకామె తాకట్టులో ఉన్న ముక్కుపుడక విడిపించుకుంది. ఇంకొకామె ఇద్దరితో కలిసి పాత కుట్టుమిషను కొన్నది. మరొకామె అన్నీ కలిపి ఒక మేక పిల్లను తెచ్చింది, అది బతకలేదు. మేకలిచ్చినచోట వైద్యం కూడా ఇవ్వాలన్నది బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లోనే పట్టుకున్న విషయం. వాళ్లు మరీ పేద ఇళ్లకు పశువుతో పాటు కొన్నాళ్లు తిండికి డబ్బు, వారం వారం వచ్చి చూసే మనిషి, పొదుపు, ఆరోగ్యం అన్నీ కలిపి ఇచ్చారు. ఆ పద్ధతినే భారత్‌తో సహా ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. చాలాచోట్ల, పథకం ఆగిన తర్వాత కూడా ఆదాయం నిలబడింది. ఒక్కటి మాత్రమే ఇచ్చి వదిలేస్తే ఇలా జరగదు.

నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం ఒడిశాలో పేదలు 2015-16లో 29.34 శాతం, 2019-21లో 15.68 శాతం. పోషణ, బడి, మరుగుదొడ్డి, వంటగ్యాసు లాంటివి కొలిచే సూచీ అది. ఆ తగ్గుదల మా కళ్లకూ కనబడింది, కాదనను. కానీ పైకి వచ్చిన ఇల్లు మళ్లీ ఎలా పడిపోతుందో అందులో కనబడదు. మా దగ్గర ఎక్కువగా పడేది రోగంతోనే. ఆంధ్రాలో 2007 నుంచి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది, అది అక్కడి కార్డు ఉన్నవాళ్లకే. ఇటువాళ్లకు ఇటు కార్డు ఉంది. కానీ మాకు అలవాటైన దారి శ్రీకాకుళం, విశాఖపట్నం. అక్కడ ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకు మన కార్డు చెల్లుతుందో గుమ్మం దాకా వెళితేగానీ తెలియదు. పింఛనూ బియ్యమూ రెండూ ఉన్న ఒక ఇల్లు ఒక్క ఆపరేషనుతో ఉన్న ముప్పై సెంట్లూ తాకట్టు పెట్టుకుంది. నన్నడిగితే కొత్త పథకం పెట్టే ముందు ఈ కార్డులు సరిహద్దు దాటి చెల్లేలా చేయాలి.

అది చేయలేనిదేమీ కాదు. రేషను విషయంలో చేశారు. 2019 ఆగస్టులో ఆంధ్రా, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఒకరి కార్డు ఇంకొకరి దగ్గర చెల్లేలా మొదలుపెట్టారు, 2020లో ఒడిశా చేరింది, 2022 నాటికి దేశమంతా. మావాళ్లు వలస పోయినచోట కూడా తమ వాటా తీసుకోగలుగుతున్నారు.

చివరిగా, సరిహద్దులో పిల్లనిచ్చేవాళ్లకు ఒక పనికొచ్చే మాట. పుట్టింటి కార్డులో పేరు తీసేశాక, అత్తారింటి కార్డులో పేరు ఎక్కేదాకా ఆ పిల్లకు ఎక్కడా వాటా ఉండదు. నాకు అలా చాలా నెలలు గడిచాయి, అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. కాబట్టి పుట్టింటి కార్డు ఆహార భద్రత చట్టం కిందిదేనా అని ముందు కనుక్కోండి. అవునైతే పేరు తీయించే తొందర లేదు, ఆ కార్డు మీదే ఇక్కడి డిపోలో వాటా తీసుకోవచ్చు. తీయించాల్సి వస్తే, తీసేసినట్టు కాగితం చేతికి రాగానే ఆ వారంలోనే ఇక్కడ అర్జీ పెట్టి, తారీఖు వేసిన రసీదు తప్పకుండా తీసుకోండి.