ఆ 35వ అధికరణం గురించి ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న: మేడమ్, చైనా రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఉందని చదివి ఆశ్చర్యపోయాను. మరి రాజ్యాంగం ప్రకారం పాలించమని అడిగినవాళ్లనే అక్కడ జైల్లో ఎందుకు పెడుతున్నారు? - ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: నువ్వు చదివింది నిజమే బాబూ. 1982 నాటి ఆ రాజ్యాంగం 35వ అధికరణంలో వాక్కు, పత్రికలు, సభలు, సంఘాలు, ఊరేగింపులు, ప్రదర్శనలు అన్నిటికీ స్వేచ్ఛ ఉంది. లా పాఠాలు చెప్పే రోజుల్లో దాన్ని చదివి వినిపించి, ఇది ఏ దేశానిదో చెప్పమనేదాన్ని. చైనా అని ఒక్కరూ అనేవారు కాదు.

ఆ హక్కుకు భంగం కలిగితే ఎవరికి చెప్పుకోవాలన్న దగ్గరే అసలు చిక్కు. రాజ్యాంగానికి అర్థం చెప్పే అధికారం అక్కడ కోర్టులకు లేదు. అది జాతీయ ప్రజా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, స్థాయీ సంఘానిది. ఒక్కసారి మాత్రం ఆశ పుట్టింది. షాన్‌డాంగ్‌లో ఒకమ్మాయికి రావలసిన సీటును తోటి విద్యార్థిని కాజేసి, ఆమె పేరుతోనే చదివి, ఉద్యోగం కూడా సంపాదించింది. ఆ కేసులో 2001లో సుప్రీం పీపుల్స్ కోర్టు రాజ్యాంగంలోని విద్యాహక్కును ఆధారం చేసుకుంది. లాయర్లు ఎంత సంబరపడ్డారో! 2008 చివర్లో కోర్టే ఆ వివరణను వెనక్కి తీసుకుంది.

నన్ను ఇంకా కలతపెట్టేది సున్ జిగాంగ్ కథ. 27 ఏళ్ల డిజైనర్. 2003లో గ్వాంగ్‌జౌలో తాత్కాలిక నివాస పర్మిట్ చూపించలేదని పట్టుకుపోయారు. నిర్బంధంలో కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. అలా పట్టుకునే నిబంధనలు రాజ్యాంగానికి సరిపోతాయో లేదో చూడమని ముగ్గురు యువ న్యాయ పండితులు స్థాయీ సంఘానికి లేఖ రాశారు. చట్టంలో ఉన్న దారిలోనే వెళ్లారు. జూన్‌లో ప్రభుత్వమే ఆ నిబంధనలను రద్దు చేసింది. చాలా పెద్ద విజయం, కాదనను. కానీ అవి రాజ్యాంగ విరుద్ధమన్న మాట స్థాయీ సంఘం నోటి నుంచి రాలేదు. అలా అంటే రేపు ఇంకెన్ని లేఖలు వస్తాయో!

ఇక నీ 'ఎందుకు'కి వస్తాను. చట్టప్రకారం పాలిస్తామని అక్కడ పాలించే కమ్యూనిస్టు పార్టీ కూడా అంటుంది, 1999లో దాన్ని రాజ్యాంగంలోనే రాసింది. రాజ్యాంగబద్ధ పాలన కోరేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కి, ఆ చట్టం పార్టీనీ కట్టడి చేయాలంటారు. 2013 కొత్త సంవత్సరంలో గ్వాంగ్‌జౌ వారపత్రిక 'సదరన్ వీక్లీ' ఈ కలనే సంపాదకీయంగా రాస్తే, సెన్సార్లు మార్చేశారు. విలేకరులు తిరగబడ్డారు. కొద్ది నెలలకే పార్టీ లోపలి 9వ నంబర్ పత్రం 'పాశ్చాత్య రాజ్యాంగబద్ధ ప్రజాస్వామ్యం'ను ప్రమాదాల్లో మొదటిదిగా చూపింది. 2018లో పార్టీ నాయకత్వాన్ని రాజ్యాంగం మొదటి అధికరణంలోనే చేర్చారు, అధ్యక్షుడి పదవీకాల పరిమితి తీసేశారు. అనుకూలంగా ఓట్లు 2,958, వ్యతిరేకం 2.

2003లో లేఖ రాసిన ఆ ముగ్గురిలో షు జియోంగ్ ఒకరు. ప్రభుత్వాన్ని కూలదోయాలని చూశాడంటూ 2023లో ఆయనకు 14 ఏళ్ల శిక్ష వేశారు.