బ్రామ్స్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ నాలుగో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) ఆఖరి మూవ్‌మెంట్ (భాగం) గురించి తెలుగులో రాయడానికి ఒకరు పూనుకున్నారంటేనే నాకు పండగ. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ అనుకోకు. నీ మొదటి పేజీ నిండా పేర్లే ఉన్నాయి. పాసకాలియా (ఒకే వరస మళ్లీ మళ్లీ తిరిగే రూపం), ఎనిమిది బార్ల (తాళావర్తనాల) థీమ్ (ఆ మూల వరస), 30 వేరియేషన్లు (దాన్ని మార్చి మార్చి చెప్పడం), కోడా (ముగింపు భాగం), 1885లో మైనింగెన్‌లో బ్రామ్స్ స్వయంగా కండక్ట్ చేసిన మొదటి ప్రదర్శన. అన్నీ కరెక్టే, కానీ రెండు వాక్యాల్లో అయిపోయే సంగతులవి. ఆ ఎనిమిది బార్లలో ఏం జరుగుతోందో మాత్రం ఎక్కడా లేదు.

థీమ్ బాఖ్ (బ్రామ్స్ కంటే ముందు కాలపు జర్మన్ స్వరకర్త) 150వ కాంటాటా (వాద్యాలతో కలిపి పాడే రచన) చివరి భాగం నుంచి తీసుకున్నదని రాసి వదిలేశావు. తీసుకుని బ్రామ్స్ ఏం చేశాడు? బార్‌కి ఒక స్వరం చొప్పున సాగదీశాడు, మధ్యలో బాఖ్ దగ్గర లేని స్వరం ఒకటి దూర్చాడు. ఇ అనే స్వరాన్ని షడ్జం అనుకుని పాడి చూడు: స రి గ మ మ ప ప స. మొదటిది శుద్ధ మధ్యమం, రెండోది ప్రతి మధ్యమం, రెండూ పక్కపక్కనే! ఇ మైనర్ స్కేల్‌లో (ఇక్కడి మూల స్వరాల వరసలో) చోటు లేని ఆ ఎ షార్ప్, అంటే ఆ ప్రతి మధ్యమం, పంచమం దాకా వెళ్లందే ఊరుకోదు, చెవి కూడా దానితో పాటే ముందుకు వంగుతుంది. నువ్వు పాఠకుడికి చూపించాల్సింది ఇది. మన వాళ్లకి రెండు మధ్యమాల తేడా ఎలాగూ తెలుసు కాబట్టి ఇక్కడ నీ పని సగం తేలిక.

తర్వాత కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) చూడు. థీమ్ మొదలయ్యేది ఇ మైనర్‌తో కాదు, ఎ మైనర్‌తో. ముగిసేదేమో ఇ మేజర్‌తో. ఇ మేజర్ వినిపించగానే చెవి ఎ మైనర్ కోసం చూస్తుంది, అంటే ముగిసిందనుకున్న చోటే మళ్లీ మొదటికి వెళ్లాలన్న ఒత్తిడి పుడుతోందన్నమాట. అంతసేపు అదే థీమ్ తిరుగుతున్నా విసుగు రాకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

వేరియేషన్లని మన కృతుల్లో సంగతులతో పోల్చావు. బాగుంది, కానీ ఒక్క వాక్యంతో ఆపెయ్. సంగతుల్లో పెరిగేది పాడే వరస. ఇక్కడ నాలుగో వేరియేషన్ నుంచి థీమ్ అడుగుకి, బేస్‌లోకి దిగిపోతుంది, వయొలిన్లు దాని మీద వేరే పాట ఎత్తుకుంటాయి.

ఫార్మ్ (నిర్మాణం) గురించి ఇంకొంచెం ధైర్యంగా రాయి. 12వ వేరియేషన్‌లో ఫ్లూట్ ఒంటరిగా వచ్చేసరికి టెంపో (వేగం) తగ్గించాడని రాశావే, అది తప్పు. క్వార్టర్ నోట్ వేగం అదే. బార్ మూడు బై నాలుగు (మూడు క్వార్టర్ నోట్లు) నుంచి మూడు బై రెండుకి (ఆరు క్వార్టర్ నోట్లకి) మారి రెట్టింపు పొడుగైంది, థీమ్ కూడా దానితో పాటు సాగింది. ఆ తర్వాత ఇ మేజర్‌లో ట్రాంబోన్లు నెమ్మదిగా పలుకుతాయి (మొదటి మూడు మూవ్‌మెంట్లలో వాటికి పనే లేదు). 16వ వేరియేషన్‌లో మళ్లీ మైనర్, అసలు థీమ్, మూడు బార్లు గడవగానే దాని మీద తీగవాద్యాలు పైనుంచి విరుచుకుపడతాయి. అందుకే చాలామంది దీన్ని సొనాటా ఫార్మ్ (మొదటి సంగీతం దూరం వెళ్లి మళ్లీ తిరిగొచ్చే నిర్మాణం) నీడలో వింటారు. నువ్వెలా విన్నావు? పుస్తకాల్లో ఏముందో కాదు, నీ చెవికి మలుపు ఎక్కడ తగిలిందో బార్ నంబర్‌తో సహా చెప్పు. నేను ఒప్పుకోకపోయినా పర్లేదు.

29, 30 వేరియేషన్లు విని, వెంటనే మొదటి మూవ్‌మెంట్ ఆరంభం విను. ప గ స ధ అంటూ థర్డ్‌లు (మధ్యలో ఒక స్వరం వదిలి ఒకటి) దిగుతూ వచ్చే ఆ వరసే ఇక్కడ థీమ్‌తో కలిసిపోయింది. నీ వ్యాసంలో దీని ఊసే లేదు, నాకు బాగా వెలితిగా అనిపించింది. 253వ బార్ నుంచి మొదలయ్యే కోడాకి కూడా ఒక్క లైనే ఇచ్చావు. మేజర్‌లోకి తేలిపోకుండా ఇ మైనర్‌లోనే ఎందుకు ముగించాడో ఆలోచించి, ఆ రెండు చోట్లూ తిరగరాసి పంపు.