‘సైనిక ప్రచారం’ అనవచ్చా?

సందేహం: నేను గ్రూప్స్ పరీక్షలకు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్నాను. వియత్నాం యుద్ధం గురించి ఒక నోట్సులో ఈ వాక్యం చదివాను: ‘అమెరికా నేతృత్వంలోని మిత్రరాజ్యాలు తిరుగుబాటుదారులు మరియు సాధారణ బలగాలకు వ్యతిరేకంగా సుదీర్ఘ సైనిక ప్రచారాన్ని నిర్వహించాయి.’ యుద్ధం చేసేవాళ్ళు ప్రచారం చేయడమేమిటి? సాధారణ బలగాలంటే ఎవరు? మిత్రరాజ్యాలనే మాట రెండో ప్రపంచ యుద్ధానికే వాడతారనుకున్నాను. ఇక్కడ వాడవచ్చా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరు అనుమానపడ్డ మూడు మాటలూ అనుమానించాల్సినవే. ఈ వాక్యాన్ని తెలుగులో ఆలోచించి రాయలేదు. ఇంగ్లీషు వాక్యంలో ఒక్కో మాట తీసి, దాని స్థానంలో నిఘంటువులో మొదట కనిపించిన తెలుగు మాట పెట్టుకుంటూ పోయారు. చదివినవాడికి యుద్ధం కళ్ళకు కట్టాలి గాని ఈ వాక్యం చదివితే ఎన్నికల మైకు వినిపిస్తోంది.

ముందు ‘ప్రచారం’ సంగతి. ఇంగ్లీషులో క్యాంపెయిన్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్న అర్థం మైదానం, బయలు. చలికాలమంతా శిబిరాల్లో ఉన్న సైన్యం వేసవిలో బయటికొచ్చి మైదానంలో దిగితే ఆ ఏడాది పోరును క్యాంపెయిన్ అనేవారు. తర్వాత ఓట్ల కోసం ఊళ్ళు తిరగడానికీ అదే మాట పాకింది. మనకు ఆ మాట పరిచయమైంది ఈ రెండో దారిలో. అందుకే ‘ఎన్నికల ప్రచారం’ స్థిరపడింది, అది సరైనదే. కానీ తెలుగులో ప్రచారం అంటే ఒక సంగతిని నలుగురిలోకి తీసుకెళ్ళడం. సైన్యం కరపత్రాలు పంచితే, విమానాల్లోంచి లౌడ్ స్పీకర్లతో ‘లొంగిపోండి’ అని చెప్పిస్తే అది ప్రచారం. వియత్నాంలో అమెరికా సైన్యం ఆ పనులు కూడా చేసింది. కాబట్టి ఆ సందర్భంలో ‘సైనిక ప్రచారం’ అనే మాటకు నిజంగానే ఒక అర్థం ఉంది. బాంబులు వేయడాన్ని కూడా ప్రచారం అంటే, ఈ కరపత్రాల పనికి మనకు మాట మిగలదు.

మరి ఏమనాలి? అన్నిచోట్లా సరిపోయే ఒక్క తెలుగు మాట లేదు. అక్కడ ఏం జరిగిందో చూసుకుని రాసుకోవాలి. 1965 మార్చి నుంచి 1968 నవంబరు దాకా ఉత్తర వియత్నాం మీద అమెరికా విమానాలు చేసినదాన్ని ‘రోలింగ్ థండర్ బాంబింగ్ క్యాంపెయిన్’ అంటారు. అది ‘వరస బాంబు దాడులు’. పల్లెల్ని చుట్టుముట్టి వియత్ కాంగ్ వాళ్ళను, అంటే దక్షిణాన ఆయుధం పట్టిన కమ్యూనిస్టులను, వెతికి చంపడం ‘గాలింపు’. ఇంగ్లీషులో ‘సెర్చ్ అండ్ డిస్ట్రాయ్’ అన్న పద్ధతి తెలుగులో ‘గాలించి మట్టుబెట్టడం’. కేసాన్‌లోని అమెరికా స్థావరం చుట్టూ 1968లో ఉత్తర వియత్నాం సైన్యం 77 రోజులు బిగించి కూర్చున్నది ‘ముట్టడి’. ఇవన్నీ కలిపి ఏళ్ళ తరబడి సాగినది ‘యుద్ధం’. అంతకన్నా పెద్ద మాట వెతకనక్కర్లేదు.

‘సైనిక చర్య’ అనవచ్చు కదా అంటారేమో. చర్య అనే మాటలో చిన్నది, త్వరగా తేలిపోయేది అనే ధ్వని ఉంది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు హైదరాబాదు సంస్థానంలో జరిగినదాన్ని ‘పోలీసు చర్య’ అన్నారు. మా పెద్దవాళ్ళు ‘పోలీస్ యాక్షన్’ అనేవారు. నడిపింది సైన్యం, పేరు పోలీసులది. ఆ పేరు కావాలని పెట్టుకున్నదే. వియత్నాంలో కూడా అమెరికా చట్టసభ అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు. 1964 ఆగస్టు 7న టోంకిన్ సింధుశాఖ తీర్మానం చేసి, అధ్యక్షుడి చేతికి అధికారం ఇచ్చింది. దాని ఆధారంతోనే 1969 ఏప్రిల్ నాటికి 5.43 లక్షల మంది అమెరికా సైనికులు అక్కడ ఉన్నారు. ప్రకటన లేనంత మాత్రాన అంత మంది సైనికులు చేసినదాన్ని ‘చర్య’ అనలేం. ‘దండయాత్ర’ అంటే ఇంకొకరి నేలను పట్టుకోవడానికి దండెత్తి వెళ్ళడం. ఉత్తర వియత్నాం రాజధాని హనోయి వైపు నుంచి రాస్తే ఆ మాట వాడతారు. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లోని ప్రభుత్వం తరఫున రాస్తే ‘సాయం’ అంటారు. పరీక్షలో మీరు ఏ వైపూ కాదు కాబట్టి ‘యుద్ధం’ చాలు.

‘పోరాటం’ అని కూడా ఆలోచించి రాయాలి. పోరు, పోరాడు, పోరాటం ఒకే కుదురు నుంచి వచ్చినవే అయినా పోరాటంలో బలహీనుడు బలవంతుణ్ణి ఎదిరించే అర్థం ఇమిడిపోయింది. రైతుల పోరాటం, జీతాల కోసం పోరాటం, రోగంతో పోరాటం. ‘వియత్నాం ప్రజల పోరాటం’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. ‘అమెరికా పోరాటం’ అంటే ఎక్కడో తేడా కొడుతుంది. ఏ నిఘంటువూ ఈ తేడా రాయదు. అయినా తెలుగు వినీ వినీ పెరిగినవాళ్ళ చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

ఇక ‘మిత్రరాజ్యాలు’. మీరు అనుకున్నది నిజం. మన చరిత్ర పుస్తకాల్లో ఈ మాట రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒక పక్షానికి పేరైపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలంటే బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియన్, చైనా మొదలైనవి. వియత్నాంకు వచ్చేసరికి సోవియట్ యూనియన్, చైనా రెండూ ఉత్తర వియత్నాంకు ఆయుధాలిచ్చి నిలబెట్టాయి. బ్రిటన్ తన సేనల్ని పంపడానికి ఒప్పుకోలేదు. అంటే పాత మిత్రరాజ్యాల్లో రెండు ఎదుటి పక్షాన ఉన్నాయి, ఒకటి పక్కకు తప్పుకుంది. అక్కడ మళ్ళీ అదే మాట వాడితే చదివే పిల్లవాడు ఏమనుకుంటాడు? అమెరికాతో కలిసి వచ్చినవి దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్. ఒక్క దక్షిణ కొరియా నుంచే ఆ ఏళ్ళన్నిట్లో కలిపి మూడు లక్షల మందికి పైగా సైనికులు వెళ్ళారు. ఆస్ట్రేలియా నుంచి సుమారు 60 వేల మంది. వీళ్ళందరినీ కలిపి ‘అమెరికా, దాని మిత్రదేశాలు’ అనండి. ‘మిత్రపక్షాలు’ అనే మాటను ఎన్నికల పొత్తులకు వదిలేద్దాం. దక్షిణ వియత్నాంను మాత్రం మరవకండి. ఆ దేశపు సైన్యం కూడా అదే పక్షాన యుద్ధం చేసింది, ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుంది. ‘అమెరికా, మిత్రదేశాలు’ అని రాసి ఊరుకుంటే వాళ్ళు కనిపించకుండా పోతారు.

‘సాధారణ బలగాలు’ అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తెలుగులో సాధారణం అంటే మామూలు, ప్రత్యేకత లేనిది. సాధారణ బలగాలు అని చదివితే శిక్షణ అంతగా లేని నాసిరకం సైన్యం అనిపిస్తుంది. రెగ్యులర్ ఫోర్సెస్ అంటే దానికి సరిగ్గా ఎదురు. జీతం, యూనిఫాం, పై అధికారుల వరస, రెజిమెంటు, బెటాలియను ఉన్న స్థిరమైన సైన్యం అది. ఖిల్జీల కాలపు చరిత్ర చెప్పేటప్పుడు ‘సిద్ధసైన్యం’ అని రాస్తుంటారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం సైన్యాన్ని ఆరు రకాలుగా విడదీసింది: మౌలం, భృతం, శ్రేణి, మిత్రం, అమిత్రం, అటవీబలం. తరతరాలుగా రాజును కనిపెట్టుకుని ఉండే సైన్యం మౌలబలం, స్నేహితుడైన రాజు పంపినది మిత్రబలం, అడవి మనుషుల దండు అటవీబలం. మీ వాక్యంలోని మూడు రకాలకూ దగ్గరి మాటలు అప్పుడే ఉన్నాయన్నమాట. అలాగని పరీక్షలో మౌలబలం అని రాయమని చెప్పను. ‘రెగ్యులర్ సైన్యం’ అనండి. రెగ్యులర్ కోర్సు, రెగ్యులర్ ఉద్యోగి అని ఊరూరా అంటున్నాం. ఆ మాట ఇప్పుడు మనదే.

వియత్నాంలో ఎవరు రెగ్యులర్, ఎవరు కాదు అన్నది కూడా తేలికగా తేలే విషయం కాదు. ఇక్కడ కాస్త ఆగాలి. ఉత్తరాన హనోయి ప్రభుత్వానికి ‘వియత్నాం ప్రజాసైన్యం’ ఉండేది. దక్షిణాన 1960 డిసెంబరు 20న జాతీయ విమోచన కూటమి ఏర్పడింది. దాని తరఫున ఆయుధం పట్టినవాళ్ళను ప్రత్యర్థులు ‘వియత్ కాంగ్’ అన్నారు. వియత్నాం కమ్యూనిస్టు అన్నదానికి అది కుదింపు. తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. ఆ వియత్ కాంగ్‌లో కూడా మూడు అంచెలున్నాయి. పగలు పొలం పని చేసి రాత్రి తుపాకీ పట్టే పల్లె గెరిల్లాలు కింది అంచె. జిల్లా, రాష్ట్రం స్థాయిలో తిరిగే స్థానిక దళాలు మధ్య అంచె. పూర్తిస్థాయి రెజిమెంట్లుగా యుద్ధం చేసే ప్రధాన దళాలు పై అంచె.

1966 ఆగస్టు 18న దక్షిణ వియత్నాంలో లాంగ్ టాన్ అనే చోట ఏం జరిగిందో చూడండి. రబ్బరు తోట. వరసగా నాటిన చెట్లు. సాయంత్రం ముంచెత్తిన వాన. ఆ వానలో 108 మంది ఉన్న ఒక సైనిక కంపెనీ ఇరుక్కుపోయింది. అందులో 105 మంది ఆస్ట్రేలియన్లు, ముగ్గురు న్యూజిలాండ్ వాళ్ళు. ఆ ముగ్గురి పని నూయి డాట్ అనే తమ స్థావరంలోని ఫిరంగులకు ఎక్కడ గుండ్లు వేయాలో రేడియోలో చెప్పడం. ఎదురుగా ఉన్నది 275వ రెజిమెంటు అనే ప్రధాన దళం, దానితో పాటు డి445 అనే స్థానిక బెటాలియను. చీకటి పడే వేళకు సాయుధ వాహనాలు వచ్చాయి గాని లేకపోతే ఆ కంపెనీ మిగిలేది కాదు. ఆస్ట్రేలియన్లలో 18 మంది చనిపోయారు. మర్నాడు తోటలో ఎదుటి పక్షం వాళ్ళ శవాలు 245 లెక్కతేలాయి. ఈ దాడి చేసినవాళ్ళను ఉత్త ‘తిరుగుబాటుదారులు’ అంటే సరిపోతుందా? రెజిమెంటు నంబరుతో సహా ఉన్న సైన్యం అది. ‘ఉత్తర వియత్నాం సైన్యం’ అన్నా పూర్తిగా సరికాదు. ‘వియత్ కాంగ్ ప్రధాన దళం’ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇదే వార్తను మన పత్రికల అలవాటు ప్రకారం రాస్తే ‘18 మంది వీరమరణం, 245 మంది హతం’ అవుతుంది. మనవాళ్ళయితే నేలకొరుగుతారు, అసువులు బాస్తారు. ఎదుటివాళ్ళయితే హతమవుతారు. ఆ యుద్ధం మనది కాదు. రెండు వైపులా ‘చనిపోయారు’ అని రాయండి. శవాల లెక్కను బట్టి గెలుపోటములు కొలవడం ఆ యుద్ధంలో అమెరికా సైన్యం పెట్టుకున్న పద్ధతి. ఆ లెక్కలో పల్లె జనం కూడా కలిసిపోయారు. కాబట్టి ‘ఇంతమంది ఉగ్రవాదులు హతం’ అంటూ పాత వార్తలు తెలుగులోకి దించేవాళ్ళు చాలా జాగ్రత్తగా ఉండాలి.

‘తిరుగుబాటుదారు’ అనే మాటలో తిరుగుబాటు మనది, ‘దారు’ పారశీకం. కలిసి బాగానే అతికాయి. కాకపోతే తిరుగుబాటు అనగానే తిరగబడ్డవాడి కన్నా ముందు, ఎవరి మీద తిరగబడ్డాడో ఆ ప్రభుత్వం న్యాయమైనదనే భావం వచ్చేస్తుంది. 1857ను ‘సిపాయిల తిరుగుబాటు’ అనడం ఇష్టం లేకే చాలామంది ‘ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం’ అంటారు. 1922–24 మధ్య మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపినదాన్ని ఆనాటి ప్రభుత్వ కాగితాల్లో ‘రంప పితూరీ’ అన్నారు. మనం ‘మన్యం పోరాటం’ అంటాం. పితూరీ అంటే అప్పట్లో తిరుగుబాటు. ఇప్పుడా మాట ‘బళ్ళో పితూరీలు చెప్పడం’ దగ్గరకొచ్చి ఆగింది. వియత్నాం విషయంలో ‘వియత్ కాంగ్ గెరిల్లాలు’ అంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

గెరిల్లా స్పానిష్ మాట, ‘చిన్న యుద్ధం’ అని అర్థం. నెపోలియన్ సేనల్ని స్పెయిన్ జనం ఎదిరించిన రోజుల్లో ఇంగ్లీషులోకి వచ్చింది. దాన్ని ‘గొరిల్లా’ అని రాయకండి. ఈ తప్పు ఇప్పటికీ అచ్చులో కనిపిస్తూనే ఉంది. నా చిన్నప్పుడు మా తాతయ్యకు చూపు తగ్గితే గ్రంథాలయం అరుగు మీద కూర్చుని పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు ‘గొరిల్లాల మెరుపు దాడి’ అని అచ్చయింది, నేనూ అలాగే చదివాను. ‘గొరిల్లా అంటే అడవిలో ఉండే పెద్ద కోతి గదరా, వాటికి తుపాకులు ఎవరిచ్చార్రా?’ అన్నాడు. ఆయన నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఒక్క అక్షరం వల్ల ఆయనకు ఆ రోజు వార్త అందకుండా పోయింది.

‘వ్యతిరేకంగా’ కూడా తీసేయవచ్చు. తెలుగులో యుద్ధం ఒకరి‘తో’ చేస్తారు. రాముడు రావణుడితో యుద్ధం చేశాడు, సుగ్రీవుడితో కలిసి చేశాడు. శత్రువుకు ‘తో’, స్నేహితుడికి ‘తో కలిసి’. ‘మరియు’ మాట అసలు వద్దు, ‘...తోను, ...తోను’ అంటే పని జరిగిపోతుంది. ‘వియత్నాంపై’ అంటే దాడి అనే అర్థం వస్తుంది, ‘వియత్నాంలో’ అంటే చోటు మాత్రమే. వియత్నాం వాళ్ళు దాన్ని వియత్నాం యుద్ధం అనరు, ‘అమెరికాను ఎదిరించిన ప్రతిఘటన యుద్ధం’ అంటారు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘దక్షిణ వియత్నాం ప్రభుత్వం పక్షాన అమెరికా, దాని మిత్రదేశాలు ఒకవైపు వియత్ కాంగ్ గెరిల్లాలతోను, మరోవైపు ఉత్తర వియత్నాం రెగ్యులర్ సైన్యంతోను ఏళ్ళ తరబడి యుద్ధం చేశాయి.’ ప్రధాన దళాల సంగతి తర్వాతి వాక్యంలో చెప్పుకోవచ్చు.

మీరు అడగలేదు గాని అదే నోట్సులో ‘1975లో హో చి మిన్ నగరం పతనం’ అని కూడా ఉండే ఉంటుంది, చూసుకోండి. ఆ పేరు 1976లో వచ్చింది. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు అధ్యక్ష భవనం గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది సైగాన్‌లో. ‘పతనం’ ఓడినవాళ్ళ మాట. గెలిచినవాళ్ళు ఆ రోజును విమోచన దినంగా జరుపుకుంటారు. సెప్టెంబరు 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా అని ఏటా వాదించుకునే తెలంగాణలో ఉన్న మీకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ‘సైగాన్ ఉత్తర వియత్నాం సేనల వశమైంది’ అని రాయండి.