చిచికాస్తెనాంగో సంతకు వెళ్లే ముందు

థాంక్స్‌గివింగ్ సెలవులకు గ్వాటెమాలా వెళ్తున్నాం, అక్కడి మూలవాసులైన మాయా వాళ్ల సంత చూడాలంటే ఏ ఊరు మంచిదని డాలస్‌కి కొత్తగా వచ్చిన ఒక జంట అడిగారు. మీ పండగ పడేదే గురువారం కదా, చిచికాస్తెనాంగో వెళ్లండి. అక్కడ సంత గురువారం, ఆదివారం. మర్నాడు ఓపిక ఉంటే సాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్తోలో పెద్ద శుక్రవారం సంత, పశువులు కూడా వస్తాయి. తెల్లారేసరికి అక్కడ ఉండాలి. స్వెట్టర్లు పెట్టుకోండి, ఆ ఊరు సుమారు 2,600 మీటర్ల ఎత్తులో ఉంది.

టికెట్లు కొనేముందు పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు చూసుకోండి. హెచ్1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగ్ గడువు తీరిపోయినా ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం, చూపించి 30 రోజుల్లో తిరిగొచ్చే వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. గ్వాటెమాలాకి వర్తించదు. ఇది తెలియక అక్కడ ఇరుక్కుంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. గ్వాటెమాలా వీసా సంగతి వాళ్ల కాన్సులేట్‌లోనే కనుక్కోండి.

బుధవారం రాత్రికే చిచికాస్తెనాంగో చేరి అక్కడే పడుకోండి. ఆంటిగువా పట్టణం నుంచి టూరిస్టు వ్యాన్లు దిగకముందు సంత ఊరివాళ్లదిగా ఉంటుంది. సాంతో తొమాస్ చర్చి మెట్ల మీద పూలమ్మేవాళ్లు, చిల్లుల డబ్బాలో కోపాల్ ధూపం ఊపుతూ ప్రార్థించే కిచే (మాయాల్లో ఒక తెగ) పెద్దలు. 18 మెట్లు, మాయా పంచాంగంలోని 18 నెలలకు గుర్తంటారు. ఎదురు మెట్లెక్కకుండా పక్క తలుపునుంచి వెళ్లండి, లోపల ఫోటోలు వద్దు. పిల్లల్ని అయితే అడక్కుండా ఎక్కడా తీయొద్దు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న పుకారుతో 2000లో గ్వాటెమాలాలోనే తొదోస్ సాంతోస్ అనే ఊరి సంతలో ఒక జపాన్ పర్యాటకుడి ప్రాణమే పోయింది. ఆ భయాన్ని గౌరవించాలి.

ఇక బేరం. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకావిడ దగ్గర విపీల్, అంటే వాళ్ల రవిక, సగం ధరకు బేరమాడి కొన్నాను. నాలుగడుగులు వేశాక ఇంకో అమ్మాయి నేస్తూ కనిపించింది. మగ్గం ఒక కొస స్తంభానికి, రెండో కొస తన నడుముకు. ఒక్కో రంగు దారాన్ని వేలితో ఎత్తి దూరుస్తోంది. అరగంట నిలబడి చూశాను, రెండు వేళ్ల వెడల్పు కూడా సాగలేదు. ఆ బేరం తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. చేనేత విలువ తెలిసిన ఇళ్లనుంచి వచ్చాం మనం. కొద్దిగా తగ్గించమనండి, అంతే. నడుము మగ్గం గుడ్డ సన్నటి పన్నాల్లోనే వస్తుంది, కాబట్టి రెండో మూడో ముక్కలు కలిపి కుట్టి ఉంటాయి. తిరగేసి దారాలు చూడండి. డబ్బిచ్చాక ‘మల్త్యోష్’ అనండి, కిచే భాషలో ధన్యవాదాలు.

కప్పు కింద ఉండే కూరగాయల సంత తప్పకుండా చూడండి. మన బెంగుళూరు వంకాయ అక్కడ గ్విస్కిల్, దాని పుట్టినిల్లు ఆ ప్రాంతమే. శాకాహారులు చిక్కుడు గింజల కూర తినేముందు పంది కొవ్వు వేశారేమో అడగండి. సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న రొట్టెకు ఆ భయం లేదు. మా అత్తగారు రెండు రోజులూ వేడివేడి రొట్టెలు, అవకాడో, ఉప్పుతో హాయిగా గడిపారు.