నాన్నకు వచ్చిన బ్లడ్ క్యాన్సర్ పిల్లలకూ వస్తుందా?

"క్యాన్సర్ జన్యువుల్లో మార్పు వల్ల వస్తుందంటున్నారు. మరి మా నాన్నకు వచ్చిన సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్) నాకూ వస్తుందా?" అని మీరు అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను: ఆ మార్పు తండ్రి నుంచి పిల్లలకు రాదు. ఎనిమిదేళ్ల క్రితం ఇదే టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు.

మా నాన్న ఎడమ డొక్కలో బరువుగా ఉందని, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగారు. ఉబ్బింది ప్లీహమని (స్ప్లీన్) తర్వాత తెలిసింది. రక్తంలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 11,000 లోపు ఉండాల్సింది, 1,80,000 ఉన్నాయి.

డాక్టర్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఎముక మజ్జలో ఏదో ఒక్క మూలకణంలో 9వ, 22వ క్రోమోజోములు తెగి, ముక్కలు అటుదిటు అతుక్కున్నాయి. దాంతో 9 మీది ఏబీఎల్ జన్యువు వెళ్లి 22 మీది బీసీఆర్‌తో కలిసిపోయింది. మామూలుగా ఏబీఎల్ ప్రోటీన్ అవసరమైనప్పుడే పనిచేస్తుంది. ఈ అతుకుల జన్యువు నుంచి వచ్చే ప్రోటీన్‌కు మాత్రం ఆగడం తెలియదు. మోటారు ఆపేవాళ్లు లేక ట్యాంకు పొంగిపోయినట్టు, ఆ ఒక్క కణం సంతతి పెరుగుతూనే పోయింది. రిపోర్టులో కనిపించే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఇదే. పొట్టిగా ఉన్న ఆ 22వ దాన్ని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు, అందుకే ఆ పేరు. అది ముక్కల మార్పిడి అని 1973లో తేల్చింది అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ.

ఇదంతా నాన్న పుట్టాక, పెద్దయ్యాక, మజ్జలో జరిగింది. వీర్యకణాల్లో ఆ మార్పు ఉండదు, ఇక మనకెలా వస్తుంది? ఇది తెలియకే మా చెల్లికి వచ్చిన ఒక మంచి సంబంధం తప్పిపోయింది. ఆ బాధ నాకింకా పోలేదు.

అన్ని క్యాన్సర్లూ ఇలాంటివే అనను. బీఆర్‌సీఏ1 వంటి జన్యువులో లోపం పుట్టుకతోనే రావచ్చు, అప్పుడు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెరుగుతుంది. అలా వంశంలో వచ్చేవి మొత్తంలో 5 నుంచి 10 శాతమే. మీ ఇంట్లో అలాంటివి ఇద్దరు ముగ్గురికి ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

మీ నాన్నగారి విషయంలో నా భయం వేరు. ఆగడం తెలియని ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో వచ్చింది. దాంతోనే మా నాన్న మళ్లీ పొలం వెళ్తున్నారు. మధ్యలో "బాగానే ఉన్నాను కదా" అని రెండు నెలలు మానేశారు, రక్త పరీక్షలో ఆ అతుకుల జన్యువు (బీసీఆర్-ఏబీఎల్) శాతం మళ్లీ పైకి వచ్చేసింది. ఇప్పుడు రోజూ అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో మాత్ర వేయించేది అమ్మే. మీ నాన్నగారు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారో లేదో ఈ రోజే ఫోన్ చేసి కనుక్కోండి.