మొదటిది ఆపరేషన్, రెండోదానికి "మీ ఇష్టం" అంటున్నారు

ప్రశ్న: అక్కా, మేం ఇంగ్లండ్ వచ్చి ఎనిమిది నెలలైంది. బాబు ఖమ్మంలో ఆపరేషన్‌తో పుట్టాడు, వాడికి మూడేళ్లు. నాకిప్పుడు 22వ వారం. నార్మల్‌కి ప్రయత్నిస్తావా, మళ్లీ ఆపరేషన్ కావాలా, ఆలోచించుకుని చెప్పమంది మిడ్‌వైఫ్. మా అమ్మేమో ఒకసారి కోస్తే ఇక ఎప్పుడూ కోతే అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, నాకూ మొదటిది ఆపరేషనే. రెండోదానికి "మీ ఇష్టం" అన్నమాట వినగానే నాకూ గుండెల్లో రాయి పడింది. మన దగ్గర డాక్టరమ్మ చెప్తుంది, మనం తలూపుతాం. ఇక్కడ ఎదురు అడిగేసరికి వీళ్లకు తెలీదా, పట్టదా అనిపిస్తుంది. అదేం కాదు. ఏ దారిలో ఏ ప్రమాదం ఉందో తల్లికి చెప్పి తీరాలని 2015లో మాంట్‌గోమరీ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే వాళ్లు చెప్తారు, నువ్వు అడగాలి.

అమ్మ మాట పాతకాలపుది. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఒకే ఒక్క కోత ఉన్నవాళ్లలో, నార్మల్‌కి ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి అవుతుందని ఇక్కడి ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెప్తోంది. ముందు ఒక నార్మల్ కాన్పు కూడా అయి ఉంటే 85 నుంచి 90. ఆపరేషన్ తర్వాత అయ్యే ఈ నార్మల్ కాన్పునే వీళ్లు వీబ్యాక్ అంటారు. భయపడాల్సింది పాత కుట్టు దగ్గర గర్భసంచి విచ్చుకోవడం గురించి. నొప్పులు వాటంతటవే వస్తే అది సుమారు 200 మందిలో ఒకరికి. చిన్న అంకే, కానీ జరిగితే నిమిషాల మీద బిడ్డను తియ్యాలి. అందుకే ఇంట్లో కాకుండా ఆసుపత్రి లేబర్ వార్డులో కనమంటారు, బిడ్డ గుండె చప్పుడును మిషన్ మీద ఆపకుండా చూస్తుంటారు. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలీకుండా నడుముకిచ్చే మందు, తీసుకోవచ్చు, దానికి అడ్డేం లేదు.

ఇప్పుడు అసలు పని. ఖమ్మం ఆసుపత్రికి ఫోన్ చేయించి డిశ్చార్జి కాగితం, వీలైతే ఆపరేషన్ నోట్సు తెప్పించుకో. పొట్ట మీద గీత అడ్డంగా ఉంది కదా అంటే చాలదు. లోపల గర్భసంచి మీద ఎలా కోశారన్నది వేరే సంగతి, అది కాగితంలోనే తెలుస్తుంది. లోపల నిలువుగా కోసి ఉంటే నార్మల్ మాటే ఎత్తరు. రెండోది, ఎందుకు కోశారు? బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే ఆ కారణం ఈసారి ఉండకపోవచ్చు. నా కాగితంలో "ప్రోగ్రెస్ లేదు" అని ఒక్క ముక్క ఉంది. నాలుగు గంటల నొప్పులకే ప్రోగ్రెస్ ఎక్కణ్ణుంచి వస్తుందని ఇక్కడి కన్సల్టెంట్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రలో 42.4 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి ఈ ప్రశ్న నీ ఒక్కదానిదే కాదు.

నేను నార్మల్‌కే ఒప్పుకున్నాను. 41 వారాలు దాటినా నొప్పులు రాలేదు. మందిచ్చి రప్పిస్తామన్నారు. అలా రప్పిస్తే కుట్టు విచ్చుకునే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుందని అప్పుడు తెలిసింది, ముందు నేను అడగలేదు మరి. రాత్రంతా మా ఆయనా నేనూ తర్జనభర్జన పడి, పొద్దున్నే ఆపరేషన్ చెయ్యమన్నాం. అందుకే చెప్తున్నా, నార్మలా ఆపరేషనా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చూసుకుంటే సరిపోదు. తేదీ దాటినా నొప్పులు రాకపోతే ఏంటి, నొప్పుల మందు పెట్టాల్సొస్తే ఒప్పుకుంటావా, ఇవి కూడా ఇప్పుడే మాట్లాడి నీ నోట్సులో రాయించు.

ఇంకా పిల్లలు కావాలనుకుంటే అదీ లెక్కలోకి తీసుకో. ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి కడుపులో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇద్దరితో చాలనుకుంటే దాని బరువు తక్కువ.

ఆపరేషనే అనుకుంటే సిగ్గుపడక్కర్లేదు, అడిగే హక్కుంది. మామూలుగా 39 వారాలు నిండాక తేదీ ఇస్తారు, అంతకంటే ముందు తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ. ముహూర్తం మాత్రం ఆశించకు. వాళ్ల లిస్టులో ఏ రోజు వస్తే ఆ రోజే, అదీ వేరేవాళ్ల ఎమర్జెన్సీ వస్తే మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది. మా అత్తగారు పంచాంగం పట్టుకుని వారం రోజులు అలిగారు.

అమ్మ టికెట్ కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ అయితే కొన్ని వారాలు మూడేళ్లవాణ్ని ఎత్తుకోలేవు, కారు నడపలేవు. నార్మల్ అయితే చాలామందిని మర్నాటికే ఇంటికి పంపేస్తారు. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఉండొచ్చు కాబట్టి తేదీకి రెండు మూడు వారాల ముందే రప్పించు. ఆవిడకు ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరిగా తియ్యి, నీలా ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) ఆవిడకు ఉచితం కాదు.

అపాయింట్‌మెంట్‌లో ఇంగ్లిష్ అందక తలూపేస్తావేమోనని భయముంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పు, డబ్బులు అడగరు. మీ ఆయన చేత అనువాదం చేయించకు. మా ఆయన సగం మింగేశాడు, నేను భయపడతానని.